కొండ చుట్టూ, వాడి వెనకాల

వేలూరు దాటిన దగ్గర్నుంచీ కనిపించిన ప్రతి కొండనీ అదేనేమో అనుకుంటూ వచ్చాను. మాది కృష్ణా డెల్టా, తెనాలికి అవతల. కాలవగట్టు తప్ప ఎత్తైన నేల లేని ఊరు. మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తయింది మంచినీళ్ళ ట్యాంకు. కొండల్ని గుర్తుపట్టడం మాకు చేతకాదు. కణ్ణమంగళం వైపు ఒకటి కనిపించింది. పోలూరు దగ్గర ఊరి మీదికి ఒరిగినట్టు ఇంకొకటి. నేను కిటికీలోంచి వంగి చూసిన ప్రతిసారీ పక్క సీట్లో పెద్దావిడ "అదు ఇల్లై" అని తల అడ్డంగా ఊపేది. నేనేమీ అడగలేదు. ఆ దారిలో బస్సెక్కిన తెలుగువాడు కిటికీలోంచి ఎందుకు తొంగిచూస్తాడో ఆవిడకి తెలుసు. ఒళ్ళో మల్లెపూల పొట్లం, కాళ్ళ దగ్గర గోనెసంచి. పోలూరు దాటి కొంతదూరం పోయాక ఆవిడే నా మోచేతి మీద తట్టి, "అదో" అంది.

చుట్టూ చదునైన పొలాల మధ్య ఒంటరిగా కూర్చుని ఉంది కొండ. ఎండకి బూడిదరంగులో ఉంది. పెద్ద అందమైన కొండ అని చెప్పలేను. ఆవిడ చెంపలేసుకుంది, అచ్చం మా అమ్మ వేసుకున్నట్టు. నేనూ వేసుకున్నాను. ఆ తర్వాత తిరువణ్ణామలై చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

నా స్నేహితుడు దాదాపు ఇరవై ఏళ్ళు ఏటా ఈ దారినే వచ్చాడు. కొండ కనబడగానే మాట మానేసేవాడట. మళ్ళీ కాట్పాడిలో రైలెక్కేదాకా అవసరానికి మించి నోరు విప్పేవాడు కాదని వాడితో వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. నేను ఒక్కసారి కూడా రాలేదు. వాడు పిలవని ఏడాది లేదు. ఒక ఏడు కోతలన్నాను, ఒక ఏడు అమ్మాయి పరీక్షలన్నాను, ఒక ఏడు మోకాళ్ళన్నాను. "సరేలేరా, కొండ ఎక్కడికీ పోదు" అనేవాడు. వాడు పోయి ఏడాదయింది. సంవత్సరీకం అయిన పదోరోజున సంచి సర్దుకుని బయల్దేరాను.

వాడు అని రాస్తున్నాను. దీనిమీద ఒక మాట చెప్పాలి. వాడి పదమూడోరోజున ఇంటిముందు షామియానా వేసి సంస్మరణ సభ పెట్టారు. ప్రతివాళ్ళూ లేచి "గురువుగారు" అన్నారు, "ఆయన" అన్నారు, ఒకాయన "మహాత్ములు" అని కూడా అన్నాడు. చివర్లో నన్ను పిలిచారు. "వాడూ నేనూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచి" అని మొదలుపెట్టాను. షామియానా కింద గాలి ఆగినట్టయింది. సభ అయ్యాక ఒక కుర్రవాడు నా దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా, "సార్, ఆయన అనండి సార్" అన్నాడు. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. కానీ ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. యాభై ఏళ్ళ స్నేహాన్ని నా చేతిలోంచి ఎవరో మెల్లగా తీసుకుని అలమరలో పెట్టి తాళం వేసినట్టు అనిపించింది.

వాడు మార్కెట్ యార్డులో గుమాస్తా. నేను పోస్టాఫీసు. వాడు కాషాయం కట్టలేదు, ఉపన్యాసం చెప్పలేదు, ఎవరి చెవిలోనూ మంత్రం ఊదలేదు. నాన్న పోయిన ఏడాది ఎవరో అరుణాచలం వెళ్తుంటే వాళ్ళ వెంట వెళ్ళి వచ్చాడు, అంతే. ఆ తర్వాత ఆదివారం పొద్దున వాడి అరుగుమీద నలుగురు చేరడం మొదలైంది. నలుగురు పదిమందయ్యారు, పదిమంది ముప్ఫై అయ్యారు. సూరి నాగమ్మగారు రమణాశ్రమంలోని సంగతులన్నీ 1945 నుంచి అన్నగారికి తెలుగులో ఉత్తరాలుగా రాశారు కదా, ఆ పుస్తకంలోంచి ఎవరో ఒకరు ఒక ఉత్తరం చదివేవారు. చదవడం అయ్యాక అరగంట అందరూ ఊరికే కూర్చునేవాళ్ళు. వాడి మూడు ముక్కల బోధ కూడా ఉండేది కాదు. నేను ఆ అరగంట అయిపోయాక వెళ్ళేవాణ్ణి, కాఫీ టైముకి.

*

అణ్ణామలైయార్ గుడి తూర్పు రాజగోపురం ముందు నిలబడితే మెడ వెనక్కి వాల్చాలి. 217 అడుగులు, పదకొండు అంతస్తులు. మొదలుపెట్టించింది మన కృష్ణదేవరాయలు. తంజావూరు నాయకుల కాలంలో పూర్తయింది. గోపురం కింద నిలబడ్డ జనంలో సగంమంది తెలుగే మాట్లాడుతున్నారు. వీధిలో హోటళ్ళ బోర్డులు తెలుగులో, పూజాసామాన్ల కొట్లో బేరం తెలుగులో, ఆటోవాళ్ళ పిలుపు తెలుగులో. మొదట సంతోషమే వేసింది. కాసేపటికి ఇంకో సంగతి గమనించాను. మనవాళ్ళం అక్కడ పరుగెడుతున్నాం. ఇది చూసి అది, అది చూసి మరొకటి, సాయంత్రానికి బండి కదలాలి. నేను కూడా వేలాడే సంచితో ఆ పరుగులోనే ఉన్నాను. గుడిలోపల వేయికాళ్ళ మంటపం పక్కన పాతాళలింగం మెట్ల దగ్గర ఆగితే గానీ నా ఆయాసం నాకు వినిపించలేదు. రమణ మహర్షి కాబోయే పదహారేళ్ళ పిల్లవాడు వేంకటరామన్ 1896 సెప్టెంబరు 1న ఈ ఊరు వచ్చి, తర్వాత ఆ నేలమాళిగలోనే దిగి కూర్చున్నాడు. పురుగులు తొడలు తొలుస్తున్నా తెలియని స్థితిలో ఉంటే, జనం మోసుకుని పైకి తెచ్చారు. మెట్ల దగ్గర ఇప్పుడు దీపాలున్నాయి. అయినా కిందినుంచి వచ్చే గాలికి పాతకాలపు చెమ్మవాసన ఉంది.

రమణాశ్రమంలోకి అడుగుపెట్టగానే ముందు పెద్ద ఇప్పచెట్టు కనిపిస్తుంది. దాని నీడన నిలబడితే బయట చెంగం రోడ్డు మీద లారీల హారన్లు మరో ఊరివిలా వినిపిస్తాయి. నెమళ్ళు కప్పుల మీద అరుస్తుంటాయి. కోతులు మనుషుల చేతుల్ని పరిశీలిస్తుంటాయి. పదకొండు గంటల ప్రాంతంలో బయట సాధువులు, పేదలు పాత్రలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ముందు వాళ్ళకి పెట్టి, ఆ తర్వాతే లోపల వడ్డన.

భోజనాల హాల్లో నేలమీద కూర్చున్నాం, ఆకుల విస్తళ్ళ ముందు. అన్నం, సాంబారు, కూర, రసం, మజ్జిగ. మనకి అలవాటైన పప్పు, గోంగూర, గడ్డపెరుగు లేవు. నాకు తోచిన తేడా మాత్రం వంటలో కాదు, వడ్డనలో. మావైపు పెళ్ళిలో అయినా తద్దినంలో అయినా వడ్డించేవాడు వదలడు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి పోస్తాడు. అది మన ప్రేమ, కాదనను. ఇక్కడ ఒక నడివయసాయన రసం బకెట్టు పట్టుకుని నా ముందు నడుం పూర్తిగా వంచి, "పోదుమా?" అని అడిగాడు. చాలా అని. నేను వేలు కొద్దిగా ఎత్తాను. గరిటె అక్కడే ఆగింది. మరో చుక్క పడలేదు. నా ఆకలి ఎంతో నాకే తెలుసునని అవతలి మనిషి ఒప్పుకున్నాడు. తింటూ తింటూ నాకు వాడి అరుగు గుర్తొచ్చింది. వాడు కూడా ఇంతే. అడిగినదానికి మించి ఒక్క మాట వడ్డించేవాడు కాదు.

మా అన్నయ్యకీ నాకూ అరవై సెంట్ల దగ్గర తగాదా. దాని వివరాలు ఇక్కడ అనవసరం. నాలుగేళ్ళు నాకు అదే అన్నం, అదే నీళ్ళు. రోజూ వాడి అరుగెక్కి గంటసేపు అన్నయ్యని తిట్టేవాణ్ణి. వాడు కాదనేవాడు కాదు, ఔననేవాడూ కాదు. ఒకరోజు మొత్తం విని, "ఎవరికిరా ఈ కోపం?" అన్నాడు.

"ఎవరికేంటి? నాకే."

"ఆ నువ్వు ఎవరో కాస్త చూడరాదూ."

చెప్పులేసుకుని దిగివచ్చేశాను. గుమాస్తాగాడు నాకు వేదాంతం చెప్పొచ్చాడు అనుకున్నాను. అవును, సరిగ్గా ఆ మాటే అనుకున్నాను. పదకొండు రోజులు వాడి వీధి మొహం చూడలేదు. పన్నెండో రాత్రి రెండింటప్పుడు మెలకువొచ్చింది. అలవాటుగా కోపం కూడా లేచింది. దాని వెనకే, నేను పిలవకుండానే, వాడి గొంతు లేచింది: ఎవరికిరా? చూద్దామని చూశాను. కోపం కనిపిస్తోంది గానీ కోపగించుకున్నవాడు దొరకలేదు. ఒక్క క్షణమే. గడియారం టిక్కుమంటోంది, పక్కగదిలో ఫ్యాను తిరుగుతోంది, కోపం తాలూకు మనిషి మాత్రం లేడు. తర్వాత తెల్లారేదాకా నిద్రపోయాను. పొలం తగాదా ఇప్పటికీ తెగలేదు. నిద్ర మాత్రం పడుతోంది.

ఆ మాట వాడిది కాదని నాకు తర్వాత తెలిసింది. 1902లో శివప్రకాశం పిళ్ళై అనే ఉద్యోగి కొండమీది గుహకొచ్చి ప్రశ్నలడిగితే, మౌనంలో ఉన్న రమణులు ఇసుకమీదా పలకమీదా రాసి జవాబులిచ్చారు. అవే "నేనెవడను" అనే చిన్న పుస్తకమయ్యాయి. ఏ తలపు వచ్చినా ఇది ఎవరికి వచ్చిందని అడుగు, నాకు అని జవాబొస్తే ఆ నేను ఎవరో వెతుకు. మొత్తం దారి ఇంతే. నా స్నేహితుడు చేసిందల్లా దాని చివర ఒక "రా" తగిలించడం. ఆ "రా" లేకపోయి ఉంటే అది నా చెవికెక్కేది కాదు. ఇది నేను ఆశ్రమం పాతహాల్లో, రమణుల సోఫాకెదురుగా గోడకి ఆనుకుని కూర్చుని ఒప్పుకున్న విషయం.

*

ఆ పాతహాల్లోనే నాకు కావ్యకంఠ గణపతిముని గుర్తొచ్చారు. బొబ్బిలి దగ్గర కలువరాయి ఆయనది. 1900లో నవద్వీపం పండితుల సభలో కావ్యకంఠ బిరుదు తెచ్చుకున్న మనిషి. చదవని శాస్త్రం లేదు, చెయ్యని జపం లేదు. అయినా తపస్సంటే ఏమిటో తేలలేదని, 1907 నవంబరు 18న కొండెక్కి విరూపాక్ష గుహకి వచ్చి, అక్కడ కూర్చున్న మనిషి పాదాలు పట్టుకున్నాడు. అప్పటికి ఇద్దరికీ ముప్ఫై నిండలేదు. పాదాలు పట్టుకున్నవాడే ఏడాది పెద్ద. బ్రాహ్మణస్వామి అని ఊరు పిలుస్తున్న ఆ మనిషికి రమణ మహర్షి అని పేరుపెట్టింది కూడా ఈ తెలుగాయనే. శిష్యులు గణపతిమునిని "నాయన" అనేవారు. రమణులూ ఆయన్ని నాయనా అనే పిలిచారు. గురువు శిష్యుణ్ణి నాయన అన్నాడు! ఈ సంగతి చదివి ఎన్నో ఏళ్ళయింది. ఆ హాల్లో కూర్చునేదాకా అది నాకు సంబంధించిన సంగతి అని తట్టలేదు. పిలుపు పిలుపే. వంగడం వేరే చోట జరుగుతుంది. "వాడు" అంటూనే వంగొచ్చు.

ఆశ్రమం వెనకనుంచి స్కందాశ్రమానికి రాళ్ళదారి ఉంది. మర్నాడు తెల్లవారుతూనే ఎక్కాను. రాళ్ళు ఎన్ని లక్షల పాదాలకు అరిగాయో, అద్దంలా నునుపెక్కాయి. దారికి రెండువైపులా కొత్తగా పెరిగిన అడవి. సగం పైకెక్కాక చెట్లు తప్పుకుని, కిందంతా ఒక్కసారిగా కనిపిస్తుంది. నిన్న మెడ వాల్చి చూసిన గోపురాలు బొమ్మలకొలువులో పెట్టినట్టున్నాయి. మావైపు ఇంత ఎత్తునుంచి మన ఊరు మనకి ఎప్పుడూ కనిపించదు. డెల్టాలో పుట్టినవాడు తన పొలంలో నిలబడి తన గట్టునే చూస్తాడు. అరవై సెంట్లు ప్రపంచమంతైపోవడానికి నేల చదును కూడా ఒక కారణమేమో.

స్కందాశ్రమంలో ఒక చిన్న గది. రమణుల తల్లి అళగమ్మ పోయింది అక్కడే, 1922 మే 19న. నాకు ఆ తల్లి కథ మొదటినుంచీ కొడుకు కథకంటే దగ్గర. 1898లో ఆవిడ ఇంటికి రమ్మని బతిమాలడానికి ఈ ఊరొచ్చింది. రోజుల తరబడి ఏడ్చింది. కొడుకు నోరు విప్పలేదు, జరగనున్నది జరుగుతుందన్న అర్థంలో కాగితం మీద రాసిచ్చాడు. తల్లి ఆ కొడుకు లేకుండానే తిరిగి వెళ్ళిపోయింది. అదే తల్లి 1916లో వచ్చి కొడుకు దగ్గరే ఉండిపోయింది. కడుపున పుట్టినవాడి దగ్గరే నేర్చుకుంది. ఆఖరిరోజు కొడుకు ఒక చెయ్యి ఆవిడ గుండె మీద, ఒక చెయ్యి తలమీద పెట్టి, ప్రాణం పోయేదాకా కదలకుండా కూర్చున్నాడు. మొదటిసారి తిరిగివెళ్ళిన ఆ తల్లి దారి పొడుగునా ఏమనుకుని ఉంటుంది? నేను చెప్పులేసుకుని అరుగు దిగిపోయిన రోజున అనుకున్నలాంటిదే అనుకుని ఉంటుందా? ఆ గది గడప దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

అక్కణ్ణుంచి కిందికి దిగితే విరూపాక్ష గుహ. లోపల వేడిగా ఉంది, గాలి కదలదు. అయిదారుగురు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒక ముసలాయన కొద్దిగా జరిగి తన చాప సగం నాకు చూపించాడు. భాష అక్కర్లేదు. చాప మీద పరిచిన తుండుగుడ్డ కూడా తీసి మడిచాడు, నేను దానిమీద కూర్చోవడానికి మొహమాటపడతానని కాబోలు.

ఆ వెచ్చటి చీకట్లో నాకు కళ్ళు మూస్తే కొండా లేదు, లింగమూ లేదు. డయాలసిస్ గది వచ్చింది. వాడికి ఆఖరి రెండేళ్ళు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. నేను పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఎడమచేతికి ఫిస్టులా వేశారు. ఒకరోజు నా వేలు పట్టుకుని దానిమీద పెట్టాడు. చర్మం కింద తుమ్మెద ఇరుక్కున్నట్టు జుమ్మంటోంది. నేను చెయ్యి లాక్కోబోతే ఆపాడు. "భయపడకు, విను" అన్నాడు. తర్వాత గొట్టాలు చూపించాడు. ఒక గొట్టంలో రక్తం బయటికి పోతోంది, ఒక గొట్టంలో తిరిగొస్తోంది.

"చూశావా? నా రక్తం మొత్తం అటెళ్ళి ఇటొస్తోంది. అది బయట తిరుగుతున్నంతసేపూ నేను ఇక్కడే ఉన్నానురా. ఎక్కడికీ వెళ్ళలేదు."

వాడు ఆ మాట వేదాంతంగా అనలేదు. బజారుకెళ్ళి వచ్చి ధరలు చెప్పినట్టు చెప్పాడు. కాఫీ అంటే ప్రాణమిచ్చే మనిషి. రోజుమొత్తానికి లీటరు నీళ్ళు దాటకూడదన్నారు. నాలుక మీద చిన్న ఐసుముక్క పెట్టుకుని, అది కరిగేదాకా కళ్ళు మూసుకునేవాడు. మొహంలో ఏదో విందు జరుగుతున్నట్టుండేది. ఆ రెండేళ్ళలో వాడి అరుగుమీది అరగంటలు అన్నీ నేను ఒకేసారి కూర్చున్నాను, ఆ స్టూలు మీద. నేను వాడికి తోడు వెళ్తున్నానని అందరూ అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

*

పౌర్ణమి రాత్రి తొమ్మిదింటికి నడక మొదలుపెట్టాను. కొండ చుట్టూ పద్నాలుగు కిలోమీటర్లు, ఉత్తికాళ్ళతో. పగలంతా కాగిన తారు ఇంకా వెచ్చగా ఉంది. కొండ కుడిచేతివైపు ఉంటుంది. రోడ్డుకి ఎడమవారగా నడవాలి, కొండవైపు అంచున సిద్ధులు నడుస్తారట, వాళ్ళకి అడ్డం రాకూడదు. నిండు నెలల మహారాణి నడిచినంత మెల్లగా నడవాలని కూడా చెబుతారు. నా నడక అలాంటిది కాదు. ముప్ఫై ఏళ్ళు ఉత్తరాల సంచితో నడిచినవాణ్ణి. ఇంద్రలింగం, అగ్నిలింగం, యమలింగం గబగబా దాటేశాను. యమలింగం దగ్గర ఒక ముసలి సాధువు గట్టుమీద కూర్చుని నా పాదాలవంక చూసి, "మెదువా, మెదువా" అన్నాడు. మెల్లగా. మూడో మెదువాకి నా వేగం నాకే సిగ్గనిపించింది.

మెల్లగా నడిస్తే పక్కనున్న మనుషులు కనిపించడం మొదలవుతారు. నిద్రపోతున్న బిడ్డని భుజాన వేసుకుని శ్రీకాకుళం యాసలో భర్తతో మాట్లాడుతున్న అమ్మాయి. అంధుడైన అన్న చెయ్యి పట్టుకుని ప్రతి స్పీడుబ్రేకరు దగ్గరా "ఎత్తు" అని చెబుతున్న తమ్ముడు. నడవలేక నడుస్తూ, ఆగినచోటల్లా కొండకి దణ్ణం పెడుతున్న ముసలామె. కొండ కూడా ఒక్కలా ఉండదు. ఒక మలుపులో ఒకటే శిఖరం, ఇంకో మలుపులో రెండు, మరోచోట వరసగా అయిదు. చలం ఈ కొండకింద ఉండిపోయిన సంగతి ఆ దారిలో గుర్తొచ్చింది. తెలుగుదేశాన్ని అంతగా కుదిపేసిన మనిషి 1950లో ఇక్కడికొచ్చి, 1979లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. తన కూతురు సౌరిస్‌ని దారి చూపే మనిషిగా నమ్మాడు. పండితుడు తనకంటే చిన్నవాడి ముందు, తల్లి కొడుకు ముందు, తండ్రి కూతురి ముందు. ఈ కొండ చుట్టూ ఇలాంటివాళ్ళే ఉన్నారు. నాకు అయితే ఒకే బెంచి మీద కూర్చున్నవాడి ముందు వంగడానికి యాభై ఏళ్ళు సరిపోలేదు.

అడి అణ్ణామలై దాటాక చింతచెట్టు కింద సుక్కుకాఫీ అమ్మే అక్క ఉంటుందని వాడు చెప్పేవాడు. శొంఠి, ధనియాలు, తాటిబెల్లం వేసి కాచే కషాయం అది. వెళ్తే తప్పకుండా తాగమనేవాడు. ఆ దారంతా చింతచెట్లే, చెట్టుకో కాఫీబండి. మూడుచోట్ల అడిగాను. నాలుగోచోట గాజుగ్లాసులు కనిపించాయి. మిగతా అందరివీ పేపరు కప్పులు. వాడు గాజుగ్లాసుల మాట చెప్పినట్టు గుర్తు.

ఫోనులో వాడి ఫోటో చూపించాను. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోను దీపం దగ్గరకి పట్టుకుని చూసి, "ఆంధ్రా అణ్ణా!" అంది. మొహమంతా నవ్వు. వచ్చీరాని తెలుగులో, "మూడు సంవత్సరం రాలేదు. అణ్ణా నల్లా ఇరుక్కారా?" అని అడిగింది.

బాగున్నాడా అని. జవాబు చెప్పడానికి నాకొచ్చిన అరవంలో ఒకటే ముక్క ఉంది, బస్సులో పెద్దావిడ నేర్పింది. "ఇల్లై" అన్నాను.

బాగాలేడని అర్థం చేసుకుందో, లేడని అర్థం చేసుకుందో మొదట తెలియలేదు. నా మొహం చూసింది. స్టవ్వు మంట తగ్గించింది. కాసేపు ఆ గిన్నెలో మరుగుతున్నదాన్నే చూస్తూ నిలబడింది. జనం "అక్కా, ఒక కాఫీ" అంటున్నారు. ఆవిడకి వినబడలేదు. తర్వాత బండి పక్కన బోర్లించిన ప్లాస్టిక్ స్టూలు చూపించి, "అణ్ణా ఇక్కడ. గ్లాసు కడుగు" అంది.

నాకు అర్థం కాలేదు. పక్కన మరమరాలమ్మే కుర్రవాడు విడమరిచి చెప్పాడు. పౌర్ణమి రద్దీలో అక్క ఒక్కతే కాయలేక, పొయ్యలేక, కడగలేక సతమతమయ్యేది. ఒక ఏడాది వాడు కాఫీ తాగి, గ్లాసు ఇవ్వబోయి, అలాగే బకెట్టు ముందు కూర్చున్నాడట. ఆ రాత్రి రెండుగంటలు గ్లాసులు కడిగి మిగతా ప్రదక్షిణ చేశాడు. తర్వాత వచ్చిన ప్రతిసారీ అంతే. డబ్బు పుచ్చుకునేవాడు కాదు, ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఊళ్ళో అరుగుమీద గురువుగారని కాళ్ళకి దణ్ణం పెట్టించుకోవడానికి ఇష్టపడక దొడ్డిదారిన వెళ్ళిపోయేవాడని నాకు తెలుసు. ఈ స్టూలు గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. వెంట వచ్చినవాళ్ళని ముందు నడవమనేవాడన్నమాట.

సుక్కుకాఫీ ఘాటుగా ఉంది, గొంతు దిగేదాకా మంట, దిగాక తాటిబెల్లం తీపి. తాగి, గ్లాసు చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. స్టూలు కాలు ఒకటి విరిగి, తాడుతో కట్టి ఉంది. కూర్చున్నాను. బకెట్టులో నీళ్ళు గోరువెచ్చగా, శొంఠి వాసనతో ఉన్నాయి. గ్లాసు అడుగున ధనియాల పిప్పి అంటుకుని ఉంటుంది, వేలు లోపలికి పెట్టి తిప్పితే గానీ పోదు. రెండుమూడు జారాయి, ఒకటి అంచు విరిగింది. అక్క ఏమీ అనలేదు. అరగంటకి చేతికి లెక్క కుదిరింది. ముంచు, తిప్పు, బోర్లించు. ఎదురుగా కొండ, మధ్యలో వేల పాదాలు. కూర్చున్న ఎత్తునుంచి మొహాలు కనిపించవు, పాదాలే కనిపిస్తాయి. ఎంతసేపు కూర్చున్నానో చూసుకోలేదు. లేచేసరికి చంద్రుడు నెత్తిమీదనుంచి వాలాడు.

కుబేరలింగం, ఈశాన్యలింగం దాటి రాజగోపురం ముందుకొచ్చేసరికి పాలబండ్లు తిరుగుతున్నాయి. అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

*

ఇంటికొచ్చిన మర్నాడు విభూతి పొట్లం ఇవ్వడానికి వాడింటికి వెళ్ళాను. ఆదివారం కాదు, అరుగుమీద ఎవరూ లేరు. చెల్లెమ్మ లోపల పప్పు ఏరుకుంటోంది. కొండ సంగతి చెప్పాను, భోజనం సంగతి చెప్పాను, చివరికి గ్లాసుల సంగతి చెప్పాను. చేట పక్కన పెట్టింది.

"మీ స్నేహితుడా? గ్లాసులా?" అంది. "ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో తాగిన గ్లాసు అరుగుమీద వదిలేసి వెళ్ళడమే గానీ, లోపల పెట్టిన మనిషి కాదు అన్నయ్యా."

కాసేపు ఊరుకుంది. తర్వాత చేటలో పప్పు మీద వేలితో గీతలు గీస్తూ, ఈసారి తనలో తను చెప్పుకుంటున్నట్టు అంది.

"ఆఖరి రెండేళ్ళూ ఆయన గ్లాసే కాదు, నా గ్లాసు కూడా తీసుకెళ్ళి కడిగేవాడు. చెయ్యి నొప్పి, వద్దంటే వినేవాడు కాదు. ఊరికే కూర్చుని తోచక కడుగుతున్నాడనుకున్నాను."

వంటింట్లో పంపు దగ్గర రెండు స్టీలు గ్లాసులు బోర్లించి ఉన్నాయి.